రెండో కంచం

ముక్క 207
మాఘం. గాలి లేని రోజు.

పొద్దున్నించీ చింతపండు పులుసుతో బస్సు రేకులు తోముతున్నాను. అరచేతులు భగ్గుమంటున్నాయి. ఈ ఏడు పోలినాయుడి మనుషులు కొండ దిగి, నీళ్లంచున పడి ఉన్న రెండు బస్సుల ఒళ్లు వొలిచి తెచ్చారు. కింద ఇంకెన్ని మిగిలాయని అడిగితే పోలినాయుడు మాట మార్చాడు. కొండ మీద పెద్దరికం చేసేవాడు మాట మార్చాడంటే సంగతి బాగోలేదన్నమాటే. ఒక రేకు మీద "టికెట్టు లేని ప్రయాణం నేరం" అన్న అక్షరాలు ఎంత తోమినా పోలేదు. పోకపోతే పోనీ, దాని వెనక వైపు ఏదో కథ ఎక్కుతుంది.

రెండు బస్సుల రేకులకు ఒక నవల సరిపోతుంది. ఏడాదికి ఒక్కటే. కాన్పుల పుస్తకాలు, పాముకాటు వైద్యాలు, నూతుల తవ్వకాలు, అలాంటి పనికొచ్చేవన్నీ మొదటి పదేళ్లలోనే రేకులకెక్కాయి. తర్వాత కథల వంతు వచ్చింది. గాజు పెట్టెల్లో ఇంకా నలభై పైచిలుకు పుస్తకాలున్నాయి. వాటిలో ఏది తెరవాలో చెప్పే పని నాదీ, యేనోకు మాస్టారిదీ. మమ్మల్ని సిఫారసుదారులంటారు. సముద్రం నీళ్లు ఊళ్ల మీదికి రాకముందు కథల పుస్తకాలు వరసబెట్టి చదివినవాళ్లలో మేమిద్దరమే మిగిలాం.

సిఫారసు చేసే ముందు ఒకసారి చదివి చూసుకుందామంటే కుదరదు. పీచుపురుగు ఊరుకోదు. సముద్రంలో ప్లాస్టిక్కు తినడానికి పూర్వం ఎవరో పెంచి వదిలిన పురుగు అది, కంటికి కనపడదు. ప్లాస్టిక్కు తినీ తినీ కాగితం రుచి మరిగింది. పెట్టె మూత తీస్తే పుస్తకానికి వారం రోజుల ఆయుష్షు. విప్పిన పేజీకయితే అన్నం ఉడికేంతసేపు. ఆ తర్వాత చేతిలో మిగిలేది పొడి. అంటే ప్రతి పుస్తకాన్నీ ఇంకొక్కసారే చదవగలం, ఆ చదవడంలోనే అది రేకుల మీదికి ఎక్కాలి. అందుకని ఎప్పుడో పడుచుతనంలో చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని, సభలో నిలబడి చెప్పి, ఇప్పటికీ ఇది చదవదగ్గదేనని పూచీ పడాలి.

సాయంత్రం దాకా పెట్టెల అంచులకు తుమ్మజిగురు రాశాను. ఈ దినచర్య గీసుకునేది నవలకు పనికిరాని రేకు ముక్కల మీదే. రేపు మళ్లీ రేకులు.

ముక్క 211
సభ అయింది. నేనే గెలిచాను.

యేనోకు మాస్టారు ముందు లేచారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, కర్ర పట్టుకుని నిలబడ్డారు. ఆయన సిఫారసు ముదురాకుపచ్చ అట్ట ఉన్న ఒక సన్న పుస్తకం. చదివి నలభై ఏళ్లయిందన్నారు. కథ సరిగ్గా గుర్తులేదన్నారు. చదవడం పూర్తయ్యాక ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేకపోయానని మాత్రం గుర్తుందనీ, ఇప్పుడు చదివితే అలాగే ఉంటుందో లేదో చెప్పలేననీ అని కూర్చున్నారు. సిఫారసుదారు ఇలా మాట్లాడితే ఎవరు చెయ్యెత్తుతారు? నాకు జాలీ వేసింది, సంతోషమూ వేసింది. దాచుకోవడమెందుకు, సంతోషమే ఎక్కువ.

నా పుస్తకం "నూట తొమ్మిది మెట్లు". ఇరవయ్యొకటో ఏట చదివాను. లైట్‌హౌస్ కాపలాదారు బంగారయ్య, అతని తమ్ముడు దాలయ్య. తల్లి చనిపోయిన రోజున అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగి, పదిహేనేళ్లు మొహాలు చూసుకోలేదు. ఒకనాడు తమ్ముడు వస్తున్నానని కబురు పంపుతాడు. బంగారయ్య ఇద్దరికి అన్నం వండి కూర్చుంటాడు. తుఫాను లేస్తుంది. దాలయ్య పడవ దారి తప్పుతుంది. అన్న తెల్లవార్లూ దీపం దగ్గర నిలబడతాడు. తెల్లారాక కింద మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగో అధ్యాయం అది.

కొత్తగా కొండెక్కిన రోజుల్లో తుఫాను వచ్చినప్పుడల్లా గోదాంలో పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కథే చెప్పేదాన్ని. మెట్లు నేను లెక్కపెడుతుంటే వాళ్లూ లెక్కపెట్టేవారు. ఇవాళ సభలో సగం మంది ఆ పిల్లలే. నూట ఆరు, నూట ఏడు అంటుంటే అందరూ గొంతు కలిపారు. నూట తొమ్మిదో మెట్టు దగ్గర నేను ఆగాను. ఎప్పుడూ ఆగుతాను. తర్వాత దాలయ్య "అన్నా" అని పిలుస్తాడు. ముసలీ ముతకా కళ్లు తుడుచుకున్నారు.

నేను కాక ఈ కొండ మీద ఆ పుస్తకం చదివిన మనిషి యేనోకు మాస్టారొక్కరే. పద్నాలుగో అధ్యాయం చెబుతున్నంతసేపూ ఆయన తలూపుతూనే ఉన్నారు. అది చూసి నాకు ఇంకా ఊపొచ్చింది.

ముక్క 212
మాస్టారు మా గుమ్మం దాకా వచ్చారు. ఆకుపచ్చ పుస్తకం పెట్టెకు అంచు చిట్లిందట. జిగురు పట్టడం లేదట. వచ్చే ఏడు దాకా ఆగదని ఆయన భయం. సన్న పుస్తకం కాబట్టి నా రేకుల్లోంచి ఇరవై ఇస్తే సర్దుకోవచ్చేమో చూడమన్నారు. నా నవలలో అక్కడక్కడా అంత అవసరం లేని అధ్యాయాలుంటే తగ్గించవచ్చు కదా అని కూడా అన్నారు.

తగ్గించడమా, "నూట తొమ్మిది మెట్లు"లోనా అని నేను నవ్వాను. ఒక్క మాట కూడా తీసెయ్యడానికి లేదన్నాను. ఆయన "సరేనమ్మా" అని కర్ర తీసుకుని వెళ్లిపోయారు. ఇంకో మాట అంటే ఇచ్చేదాన్నేమో. ఇచ్చేదాన్ని కాదు.

ముక్క 219
ఫాల్గుణం. పెట్టె తెరిచాం.

చదువు గదికి గోడలు నాలుగు బస్సు అద్దాలు. వెలుగు తగిలితే పురుగు రేగుతుందని లోపల సున్నం పూశాం. అందులో నేనొక్కదాన్నే పుస్తకంతో కూర్చుంటాను. ఎక్కువ మంది ఊపిరి తగలకూడదు. నా ముందు ఒక గొట్టం. దాని అవతలి గదిలో గున్నమ్మ, ఆమెతో పాటు ముగ్గురు రాతగత్తెలు రేకు మీద గీసే ఇనప గంటాలు పట్టుకుని ఉంటారు. నేనొక వాక్యం చదివితే గున్నమ్మ గీస్తుంది, తర్వాతి వాక్యం పక్కామె, అలా వంతులు తిరుగుతాయి. సాయంత్రం వాటిని వరసలో పేర్చి, మసి నూనె రాసి తుడిస్తే అక్షరాలు నల్లగా లేస్తాయి. ఒకటే నియమం: రాబోయే పేజీలు ముందుగా తిప్పి చూడకూడదు. విప్పింది విప్పినట్టు చదవాలి. ఆ నియమం పెట్టిందే నేను.

మొదటి వాక్యం చదివాను. ముప్పై ఏడేళ్ల తర్వాత పాత స్నేహితురాలి ఇంటికి వెళ్లినట్టుంది. మధ్యాహ్నానికి కొంచెం కుదుటపడ్డాక ఒక సంగతి గమనించాను. బంగారయ్య నేను చెప్పేటంత మంచివాడు కాదు. అరుస్తాడు. కుక్కను తంతాడు. సముద్రం గురించి నేను చెప్పే వర్ణనలు ఇందులో ఎక్కడా లేవు, సముద్రం అని ఊరుకున్నాడు రచయిత. మొదట్లో అంతేలే, ముందు ముందు వస్తుందిలే అనుకున్నాను.

సాయంత్రం గున్నమ్మ కూడా అడిగింది. కథ మెల్లిగా నడుస్తోందేమిటని. పద్నాలుగో అధ్యాయం రానియ్యి అన్నాను.

ముక్క 222
మాస్టారి పెట్టె పోయింది. తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. గాజులోంచి చూస్తే అడుగున తెల్ల పొడి, దాని మీద కొంచెం ఆకుపచ్చ పొడి. అట్ట పైనా కాగితం కిందా ఎలా ఉండేవో, పొడి కూడా అలాగే పడింది.

వచ్చే ఏడు ఇంకోటి సిఫారసు చేద్దురుగాని అన్నాను. ఇంత పనికిమాలిన మాట నా నోట ఎప్పుడూ రాలేదు. ఆయన పెట్టె గాజు బాగుంది, దేనికైనా వాడుకోండమ్మా అని వదిలి వెళ్లారు.

ముక్క 223
అక్షరాలు వంకర పోతున్నాయి. జరిగింది జరిగినట్టు గీస్తాను.

పద్నాలుగో అధ్యాయం ఇవాళ పొద్దున్న మొదలుపెట్టాను. గొట్టం అవతల నలుగురూ సర్దుకుని కూర్చోవడం వినపడింది. బంగారయ్య ఇద్దరికి అన్నం వండాడు. రెండు కంచాలు పెట్టాడు. గాలి లేచింది. అంతా నేను చెప్పే కథే. పేజీ తిప్పాను. రెండో పేజీలో గాలి తగ్గిపోయింది.

నా కథలో గాలి తగ్గదు.

చదవకుండానే తర్వాతి పేజీ తిప్పి చూశాను. తుఫాను లేదు. ఇంకోటి తిప్పాను. దాలయ్య పేరు కోసం వేలు పెట్టి వెతుకుతూ, ఇంకోటి, ఇంకోటి, ఎనిమిది కాగితాలు విప్పేశాను. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. పడవ లేదు. అధ్యాయం అయిపోయింది. పదిహేనో అధ్యాయం మరుసటేటి వానలతో మొదలైంది. దాలయ్య రానేలేదు.

అప్పటికి మొదట విప్పిన కాగితం అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఎనిమిది కాగితాలు, పదహారు పేజీలు, అన్నం ఉడికేంతసేపు. గబగబా చదివినా, గంటాలు ఎంత తొందరగా నడిచినా రెండు మూడు పేజీలు దక్కేవి. దక్కేవి. అది నాకు అప్పుడూ తెలుసు.

గొట్టంలోంచి గున్నమ్మ గొంతు వచ్చింది. "పంతులమ్మా, ఏటైంది? గంటాలట్టుకుని కూకున్నాం."

"గాలి ఎక్కువైంది" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట తర్వాత ఆగనక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్లుగా నోటికి వచ్చిన కథ, దానంతటదే వచ్చింది. పడవ దారి తప్పింది. అన్న తెల్లవార్లూ దీపం దగ్గర నిలబడ్డాడు. మెట్లు మొదలయ్యాయి. గొట్టంలోంచి నలుగురి గొంతులూ సన్నగా నాతో కలిసి లెక్కపెట్టడం వినపడింది, చేతులు గీస్తూనే ఉన్నాయి. నన్నెవరూ చూడలేరు. పేజీని ఎవరూ చూడలేరు. సున్నం పూసిన అద్దాల మధ్య నేను చెప్పిందే పుస్తకం.

నా కళ్లు మాత్రం ఊరుకోలేదు. ఎదురుగా అధ్యాయం చివరి పేజీ విప్పి ఉంది. చుట్టూ కరిగిపోతూ వచ్చి మధ్యలో నాలుగు వరసలు మిగిలాయి. నోరు నూట ఏడు, నూట ఎనిమిది అంటుంటే కళ్లు వాటిని చదివాయి. తమ్ముడు రాలేదని బంగారయ్య ఎవరికీ చెప్పలేదు. తన కంచం కడిగాడు. ఎవరూ తినని రెండో కంచం కూడా కడిగి, పక్కన బోర్లించాడు.

నేను "అన్నా" అన్నాను. గున్నమ్మ దాన్ని గీసింది. నాలుగు వరసలూ నా ఒళ్లో పొడిగా రాలాయి.

ఇరవయ్యొకటో ఏట ఆ మాటల మీద నుంచి చూడకుండానే వెళ్లిపోయి ఉంటాను. ఆ వయసులో కంచం కడగడంలో ఏముంటుంది ఎవరికైనా? నేను కట్టిన తుఫానంతా కలిపినా ఆ కంచానికి సాటి రాదు. పుస్తకం మంచిదే. నేను పూచీ పడినదానికంటే మంచిది. దాన్ని చదివిన చివరి మనిషిని నేను, చంపిందీ నేనే.

గదిలోంచి బయటికొస్తే నలుగురి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. గున్నమ్మ నా చేతులు పట్టుకుంది. "సిన్నప్పుడు ఇన్నట్టే ఉంది పంతులమ్మా, ఒక్క ముక్క తేడా లేదు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. కథకు ఏడుస్తున్నాననుకుని వాళ్లూ మళ్లీ ఏడ్చారు.

ముక్క 224
ఇవాళ పదిహేనో అధ్యాయం నుంచి పేజీలో ఉన్నది ఉన్నట్టు చదివాను. బంగారయ్య ఒంటరిగా మెట్లెక్కుతున్నాడు, దిగుతున్నాడు. నిన్న వచ్చిన తమ్ముడు ఏమయ్యాడని రాతగత్తెల్లో ఒకామె అడిగింది. వెళ్లిపోయి ఉంటాడులే అంది గున్నమ్మ. వాళ్లే సర్దేసుకున్నారు.

తమ్ముడొచ్చే ఆ అధ్యాయాన్ని నేనెప్పుడు అల్లడం మొదలుపెట్టానో ఇవాళ ఆలోచించాను. నీళ్లొచ్చిన ఏడు నేను కొండెక్కాను. మా తమ్ముడు నూకరాజు వలలు తెచ్చుకుంటానని దిగువకు పోయాడు. పోయేముందు వాడిని నేనన్న మాట ఇక్కడ గీయను. ఆ ఏడు తుఫానులో గోదాంలో కథ చెబుతుంటే ఎవరో పిల్ల, బహుశా గున్నమ్మ అక్కే, "తమ్ముడొచ్చీసినాడా?" అని అడిగింది. వచ్చేశాడన్నాను. ఎలా వచ్చాడంది. మెట్లెక్కి వచ్చాడన్నాను. అప్పటినుంచి తుఫాను తుఫానుకీ ఇన్ని మెట్లు కలుపుతూ వచ్చాను.

పుస్తకంలో బంగారయ్య చేసిన పని నేను చెయ్యలేకపోయాను. నూకరాజు కంచం ఇప్పటికీ అటక మీద ఉంది. కడగలేదు. వాడు రాడని ఒప్పుకోవడం చేతగాక ఎవరి తమ్ముణ్ణో మెట్లెక్కించాను, ఊరంతటి చేతా లెక్కపెట్టించాను.

ముక్క 229
చైత్రం. రేకులన్నీ కుట్టడం అయింది. పద్నాలుగో అధ్యాయం "టికెట్టు లేని ప్రయాణం నేరం" వెనక పడింది. నవ్వు రాలేదు.

పోలినాయుడిని నిలదీసి అడిగాను. కింద బస్సుల్లేవని ఒప్పుకున్నాడు. ఉన్నవి నీళ్లలోకి వెళ్లిపోయాయి. "ఇంకేటీ లేదు పంతులమ్మా, ఇదే ఆకరి పుస్తకం. మంచిదే ఎక్కింది కదా" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. పెట్టెల్లో మిగిలినవాటికి జిగురు రాయడం మాత్రం మానొద్దన్నాను. తలకాయ ఊపాడు. ఎందుకు రాయాలో ఇద్దరిలో ఎవరమూ మాట్లాడలేదు.

గీసిన రేకును చెరిపి మళ్లీ గీయడం కుదరదు. కుదిరినా ఏం గీయాలి? కాగితం నా కొంగుకు అంటిన పొడి.

ముక్క 231
యేనోకు మాస్టారు పొద్దున్న రేకుల గదిలో కూర్చుని నవల చదివారు. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చారు. అంబలి పోసిచ్చాను. తాగలేదు.

పద్నాలుగో అధ్యాయం తనకు వేరేగా గుర్తుందన్నారు. తమ్ముడు రాడనే ఆయన గుర్తు. సభ రోజున కూడా అలాగే అనిపించిందట.

"మరి సభలో చెప్పలేదేం మాస్టారూ?" అన్నాను.

"మీరంత దిట్టంగా చెప్తుంటే నా మతే పోయిందనుకున్నానమ్మా" అన్నారు. "వయసైపోయింది కదా. సగం సగం గుర్తున్నవాణ్ని, మీ మాట కాదనడానికి నేనెవర్ని?"

అప్పుడు చెప్పేశాను. పేజీలు తిప్పి చూసిందీ, గాలి ఎక్కువైందన్నదీ, దక్కేవాటిని కూడా దక్కనివ్వకపోయిందీ, అన్నీ. నూకరాజు సంగతి కూడా చెప్పాను. తిట్టండి మాస్టారూ అన్నాను. మీ ఆకుపచ్చ పుస్తకం కూడా నా వల్లే పోయిందన్నాను. ఆయన కర్ర మీద గడ్డం ఆనించుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి మెల్లిగా అడిగారు. "ఆ పేజీలో ఏటుందమ్మా?"

రెండో కంచం గురించి చెప్పాను. తమ్ముడు రాలేదని ఎవరికీ చెప్పలేదు, తన కంచం కడిగాడు, ఎవరూ తినని రెండో కంచం కూడా కడిగి పక్కన బోర్లించాడు. ఆ మాటలు బయటికి అనడం అదే మొదటిసారి. అంటుంటే ఒక అనుమానం పట్టుకుంది. "పక్కన" అని ఉందా? లేక "పక్కనే"నా? కంచం కడగడం పేజీలో చదివానా, లేక అటక మీది కంచం గుర్తొచ్చి నేనే కడిగించానా? ఆ నాలుగు వరసలు నా ఒళ్లో రాలాక ఎనిమిది రోజులయింది. ఎనిమిది రోజులుగా వాటిని మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను. నా సంగతి నాకు తెలుసు, చెప్పుకున్న కొద్దీ కలుపుతాను.

"మాస్టారూ, మీరూ చదివారు కదా. అదేనా? బాగా ఆలోచించి చెప్పండి" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని అడిగాను. ఆ ఒక్క వాక్యమైనా నిజమైతే చాలు, మిగిలిన చివరి ముక్క మీద గీసి ఎక్కడైనా పెడదామని నా ఆశ.

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. తర్వాత కళ్లు తెరిచి నా మొహంలోకి చూశారు.

"అవునమ్మా. అదే" అన్నారు.

అంటూ తలూపారు. సభలో కూడా ఆయన ఇలాగే తలూపారు.